పుట కూర్చువాని చూపు

విజయవాడనుండి ఏలూరు పోవు రహదారిపై నున్న గన్నవరమనగానే, రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యమునకై నిర్మింపబడిన విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చునే గాని అచ్చుపని జ్ఞప్తికి రాదు. అయినను ఈ నియోజకవర్గమునుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారి ఉద్యమపత్రిక ‘ప్రజాశక్తి’ 1981లో దినపత్రికగా మరల వెలువడినది ఇచ్చటికి సమీపమున నున్న విజయవాడలోనే. ‘విశాలాంధ్ర’ 1952లో పుట్టినదియు, ‘ఆంధ్రప్రభ’ 1959లో మద్రాసు విడిచి వచ్చి చేరినదియు, మరుసటి యేట నార్లవారి సంపాదకత్వమున ‘ఆంధ్రజ్యోతి’ మొదలైనదియు అచ్చటనే. వీనికి తోడు పాఠ్యపుస్తకములు, పంచాంగములు, శుభలేఖలు, సినిమా కరపత్రములు అచ్చొత్తు చిన్న ప్రెస్సులు వీధివీధిని వెలయగా, పుటను కూర్చుట ఈ డెల్టాలో ఒక జీవనవృత్తియై నిలిచెను. ఆ వృత్తిచరిత్రను యంత్రముల చరిత్రగా చెప్పుట వాడుక; నాకు మాత్రము అది కూర్చువాని కంటిచూపు చరిత్రగా తోచుచున్నది.

సీసపు అచ్చుల కాలమున ఇంగ్లీషు కూర్చువానికి రెండు కేసులు, అనగా అక్షరముల అరలపెట్టెలు, చాలును. తెలుగునకన్ననో, గుణింతములకును, వత్తులకును, సంయుక్తాక్షరములకును వందలకొలది అరలు కావలసి యుండుటచే, కేసులు కంపోజిటరు ఎదుటను ఇరుప్రక్కలను పరచుకొని యుండెడివి. ‘లక్ష్మి’ యను రెండక్షరముల మాటకు కకార షకార మకారములును, వానిపై నెక్కు గుడియు ఒకచోట ఒదుగవలెను. కంపోజిటరు చూపు వ్రాతప్రతిమీద నుండగనే కుడిచేయి అరనుండి అక్షరమును తీయుచుండెను, ఎడమచేతి బొటనవ్రేలు స్టిక్కను కూర్పుపట్టెలో దానిని కదలకుండ పట్టుచుండెను. గేలీ యను పళ్లెముపై కట్టిన పుటయంతయు, తలక్రిందులుగనైనను, సంపూర్ణముగ అతని కన్నులయెదుట నుండెను.

1985లో అమెరికాలో ఆల్డస్ సంస్థ వెలువరించిన పేజ్‌మేకరును, దానికి తోడు ‘అను’ ఫాంట్లును 1990వ దశకమున మన ప్రెస్సులలో ప్రవేశించిన పిమ్మట, సీసపు ధూళి తొలగెను, దిద్దుబాటు సులభమయ్యెను, పది రోజుల పని ఒక దినమున ముగియసాగెను. ఇది మహోపకారమే. కాని అప్పటి తెరపై అడ్డముగ 640, నిలువుగ 480, వెరసి 3,07,200 చుక్కలే యుండుటచే, పుటయంతయు చూపినచో వత్తు రెండు మూడు చుక్కల మసకయై పోవుచుండెను. వత్తు తేటపడునట్లు పెంచినచో పుట మాయమగుచుండెను. రోమను లిపికి చాలిన తెర తెలుగునకు చాలలేదు. ప్రింటు తీసి చూచినగాని ‘స్త్రీ’ సరిగ పడినదో లేదో తెలియని ఆ దశలో కంపోజిటరు కోల్పోయిన విశాలదృష్టిని గూర్చి వ్రాసినవారు కానరారు.

ఒక యంత్రమునకు పెక్కు తెరలు తగిలించు సౌకర్యము 1987 నాటి మాకింతోష్ IIలోనే కలదు. విండోస్ వాడువారికి అది 1998లో అందెను. నేటి 4కే తెరపై 82,94,400 చుక్కలు, అనగా ఆ పాతతెరకు ఇరువదియేడింతలు. అట్టివి రెండు ప్రక్కప్రక్కన నిలిపి, ఒకదానిపై పుటను, రెండవదానిపై మూలప్రతిని, బొమ్మలను, రంగులపెట్టెను ఉంచుకొన్న డిజైనరునకు కంపోజిటరు వైశాల్యము మరల లభించెను. అయితే ఆ చుక్కలన్నియు సెకనుకు అరువదిమార్లు మారవలెనన్న ఒక్కొక్క తెరకు సుమారు 1,200 కోట్ల బిట్లు కేబులుగుండ పారవలెను. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 అట్టి తెరను సెకనుకు ముప్పదిమార్లే మార్చగలదు గాన, దానితో మౌసుబాణము ఈడ్చుచు నడచును. దోషము కేబులుదైనను నింద గ్రాఫిక్స్ కార్డుపై పడును. 2010 నాటి డిస్‌ప్లేపోర్ట్ 1.2, 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 ఆ ఇరుకును తొలగించెను. చుక్కల సాంద్రత వేరువేరుగ నున్న జంట తెరలలో ఒక్కొక్కదానికి తగిన ప్రమాణము విండోస్ 8.1తో వచ్చినను, దాని కనుగుణముగ మారని పాత సాఫ్ట్‌వేరు రెండవ తెరపై నేటికిని అలికినట్లే కనబడును. ఒకే సాంద్రత గల తెరలను కొనుట ఈ పనికి మేలు.

గన్నవరము ప్రక్కన కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణము వెలసిన పిదప జంట తెరలు ఈ ప్రాంతమున వింత కాకపోయెను. ప్రోగ్రాము వ్రాయువానికి అది సౌకర్యము. తెలుగు పుట కూర్చువానికి అవసరమనియే నా అభిప్రాయము. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, అంతకు భిన్నమైన ‘అను’ సంకేతములలో కూర్చబడిన పుస్తకములు, పత్రికాసంచికలు అసంఖ్యాకముగ నిలిచియున్నవి. వానిని మార్చునప్పుడు వత్తులు తారుమారగుచుండును గాన, పాతపుటను ఒక తెరపై, క్రొత్తపాఠమును మరొక తెరపై నిలిపి పంక్తిపంక్తిని సరిచూడవలసి యున్నది.