పండు మీద మందు ఎంత? అమెరికాలో అవశేష పరిమితుల చరిత్ర

ఆహార పంట మీద మిగిలిపోయే పురుగుమందుకు అమెరికా చట్టం ఒప్పుకునే గరిష్ఠ మోతాదును అక్కడ టాలరెన్స్ అంటారు. గుంటూరు మిర్చి ఎగుమతిదారుల నోట ఎమ్మార్ఎల్ అని వినిపించేది ఇదే. ఒక్కో మందుకు, ఒక్కో పంటకు ఈ పరిమితి వేరు. దాన్ని నిర్ణయించేది పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ. మార్కెట్లో సరుకును పరీక్షించి పరిమితి దాటినదాన్ని ఆపేది ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. మాంసం, కోళ్ల ఉత్పత్తుల తనిఖీ మాత్రం వ్యవసాయ శాఖది. ఏ పంటకైనా ఒక మందు విషయంలో పరిమితిగానీ మినహాయింపుగానీ లేకపోతే, దాని జాడ ఏ కొంచెం కనిపించినా ఆ సరుకు కల్తీ కిందే లెక్క. ఈ పద్ధతి స్థిరపడటానికి నూరేళ్లకు దగ్గరగా పట్టింది. అంతకాలం వాదం రసాయనాల చుట్టూ నడిచినట్టు కనిపించినా, ఎవరి ఒంటిని కొలబద్దగా పెట్టుకోవాలన్నదే అసలు తగాదా.

అమెరికా పొలాల్లోకి పురుగుమందు పెద్ద ఎత్తున వచ్చింది 1860ల చివర్లో. బంగాళాదుంప ఆకును తినేసే కొలరాడో పెంకుపురుగు పడమటి నుంచి తూర్పుకు పాకుతుంటే, రైతులు పారిస్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగుపొడిని చల్లడం మొదలుపెట్టారు. అది పాషాణం, అంటే ఆర్సెనిక్ కలిసిన పొడి. 1892లో మసాచుసెట్స్‌లో జిప్సీ మాత్ అనే చెట్ల పురుగు మీద ప్రయోగించడానికి లెడ్ ఆర్సెనేట్ తయారైంది. ఆకును మాడ్చకుండా అంటిపెట్టుకుని ఉండటంతో అది త్వరలోనే ఆపిల్ తోటలకు ముఖ్యమైన మందు అయింది. కాయతొలుచు పురుగు మందుకు అలవాటు పడేకొద్దీ పిచికారీలు పెరిగాయి. వాన తక్కువగా కురిసే వాషింగ్టన్ రాష్ట్రపు లోయల్లో కాయ మీద పడిన సీసం, పాషాణం కోత దాకా కడుక్కుపోకుండా నిలిచేవి.

అప్పటికి చట్టాలు లేకపోలేదు. వ్యవసాయ శాఖ రసాయనవేత్త హార్వే వైలీ పోరాటంతో 1906లో స్వచ్ఛ ఆహార, ఔషధ చట్టం వచ్చింది. కానీ పంట మీద ఎంత మందు ఉండవచ్చో అందులో అంకె లేదు. 1910లో వచ్చిన పురుగుమందుల చట్టం నకిలీ మందు కొని రైతు మోసపోకుండా చూసింది. ఆ మందు పడిన పండు తినేవాడి సంగతి దాని పరిధిలోకే రాలేదు.

1919లో బోస్టన్ ఆరోగ్యాధికారులు పడమటి రాష్ట్రాల నుంచి వచ్చిన బేరి పండ్లలో పాషాణం ఎక్కువగా ఉందని గుర్తించి వాటిని అమ్మకానికి పనికిరావన్నారు. వ్యవసాయ శాఖలోని రసాయన విభాగం ఈ సంగతిని పెద్దది చేయకుండా, పెంపకందార్లకు లోలోపల నచ్చజెప్పే దారి పట్టింది. ఆ దారిని మూసేసింది లండన్. 1925లో అక్కడ ఒక కుటుంబం అమెరికా ఆపిల్ తిని జబ్బుపడింది. కాయల మీద పాషాణం బయటపడింది. బ్రిటన్ చేతిలో అప్పటికే ఒక అంకె ఉంది. 1900లో మాంచెస్టర్ ప్రాంతంలో పాషాణం కలిసిన బీరు తాగి వేలమంది జబ్బుపడ్డాక, లార్డ్ కెల్విన్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 1903లో సూచించిన అంకె అది: పౌను ఆహారానికి గ్రెయిన్‌లో నూరో వంతు. నేటి కొలతలో కిలోకు సుమారు 1.4 మిల్లీగ్రాములు. బీరు కోసం పుట్టిన ఈ కొలత ఆపిల్‌కు వర్తించింది. అమెరికా పండు కొనమని బ్రిటిష్ వర్తకులు మొండికేస్తే వాషింగ్టన్, ఓరెగాన్ తోటలకు దెబ్బే.

1927లో అమెరికా ప్రభుత్వం తన మొదటి అధికారిక పరిమితి ప్రకటించింది: పౌనుకు 0.025 గ్రెయిన్ పాషాణం. ఏటా కొంత తగ్గిస్తూ 1932 నాటికి దాన్ని బ్రిటన్ అంకెకు, 0.01కి దించారు. ఆ అయిదేళ్లలో ఒకే చెట్టు కాసిన ఆపిల్‌కు రెండు కొలతలు నడిచాయి. ఓడ ఎక్కే పండుకు కఠినమైనది, ఇంటి పిల్లలు తినే పండుకు సడలినది. ఈ చరిత్రలో ఇంతకంటే సిగ్గుపడాల్సిన ఘట్టం మరొకటి కనిపించదు.

పరిమితి వచ్చాక దాన్ని అందుకోవడానికి తోటల పక్కనున్న ప్యాకింగ్ షెడ్లు కడుగుడు కేంద్రాలుగా మారాయి. గుడ్డతో, బ్రష్షుతో తుడిస్తే మందు వదల్లేదు. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాయలను ముంచి, వెంటనే మంచినీటితో కడిగి, ఆరబెట్టి డబ్బాలకెక్కించేవారు. కోసి నిలవ ఉంచిన కాయకు పైన మైనం పేరుకునేది. మందుతో పాటు నూనె పిచికారీ చేసి ఉంటే జిడ్డు తోడయ్యేది. అప్పుడు ఆమ్లాన్ని వెచ్చచేయాల్సి వచ్చేది. కడుగుడు సరిగా జరగకపోతే తొడిమ గుంటలో, అడుగు గుంటలో మందు మిగిలేది.

పాషాణం తరువాత సీసం వంతు వచ్చింది. అది ఒంట్లో పేరుకుంటుందని వైద్యులకు అప్పటికే తెలుసు. ఎఫ్‌డీఏ 1933 నుంచి సీసానికీ పరిమితి పెట్టి బిగించబోతే తోటల యజమానులు ఎదురుతిరిగారు. మిస్సోరీ ప్రతినిధి క్లారెన్స్ కానన్ స్వయంగా ఆపిల్ తోటల మనిషి. ఆయన పట్టుదలతో 1937లో ఈ అవశేషాల మీద ఎఫ్‌డీఏ పరిశోధనకు నిధులు ఆగిపోయాయి; ఆ పని ప్రజారోగ్య శాఖకు వెళ్లింది. ఆ శాఖ ఆపిల్ తోటల నడుమ ఉన్న వెనాచీ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా జనాన్ని పరీక్షించి, చెప్పుకోదగ్గ హాని కనిపించలేదని తేల్చింది. దాంతో 1940లో పరిమితులు సడలాయి. ఒక్క ప్రాంతపు జనాన్ని కొద్ది ఏళ్లు చూసి, నెమ్మదిగా పేరుకునే విషం గురించి దేశమంతటికీ తీర్పు చెప్పడం తొందరపాటే. లెడ్ ఆర్సెనేట్ అనుమతి అధికారికంగా రద్దయింది 1988లో. వాషింగ్టన్ రాష్ట్రంలోని పాత తోటల మట్టిలో ఆ సీసం, పాషాణం ఈనాటికీ ఉన్నాయి.

1938లో వచ్చిన ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం తొలిసారి పరిమితులకు చట్టబలం ఇచ్చింది. అయితే ఒక్కో అంకెకూ సుదీర్ఘమైన బహిరంగ విచారణ జరగాలన్నది నియమం. ఇంతలో యుద్ధం ముగిసి 1945లో డీడీటీ సామాన్యుల చేతికి వచ్చింది. దాని వెనకే కొత్త రసాయనాలు వరదలా వచ్చిపడ్డాయి. 1947 చట్టం ప్రకారం వాటిని వ్యవసాయ శాఖ దగ్గర నమోదు చేయాలి. అవశేషాల లెక్క మాత్రం తేలలేదు. 1950లో ఎఫ్‌డీఏ జరిపిన విచారణ నెలల తరబడి సాగింది.

ఈ చిక్కును విప్పింది 1954 నాటి మిల్లర్ సవరణ. నెబ్రాస్కా ప్రతినిధి ఆర్థర్ మిల్లర్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన పేరు మీద నిలిచిన ఈ చట్టంతో బరువు ప్రభుత్వం భుజం మీంచి కంపెనీ భుజానికి మారింది. మందు అమ్మేవాడే దాని విష ప్రభావం మీద జంతు పరీక్షల ఫలితాలు, పొలంలో ఎంత మిగులుతుందో లెక్కలు, మిగిలినదాన్ని పట్టుకునే ప్రయోగశాల పద్ధతి తెచ్చివ్వాలి. మందు వల్ల ఉపయోగం ఉందో లేదో అప్పట్లో వ్యవసాయ శాఖ చెప్పేది, పరిమితి ఎఫ్‌డీఏ పెట్టేది.

అంకె ఎలా పుడుతుందో అదే కాలంలో ఎఫ్‌డీఏ శాస్త్రజ్ఞులు ఆర్నాల్డ్ లేమన్, గార్త్ ఫిట్జ్‌హ్యూ రాసిపెట్టారు. జంతువుల్లో హాని కనిపించని మోతాదును నూరుతో భాగించాలన్నది వారి సూత్రం: జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుంటే, కిలో శరీర బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము దాకా ఎలుకకు ఏమీ కాలేదనుకుందాం. మనిషికి కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల పెద్దవాడికి రోజుకు 0.6, పది కిలోల బిడ్డకు 0.1 మిల్లీగ్రాము. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పంట మీది పరిమితి ఈ అంకె నుంచి నేరుగా రాదు. లేబుల్ మీద చెప్పినట్టు గరిష్ఠంగా మందు కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగి కోస్తే ఎంత మిగులుతుందో పొలంలో చూసి పరిమితి పెడతారు. ఆ మందు మిగిలే అన్ని ఆహారాలూ కలిపి తిన్నా భద్రమైన మోతాదు దాటదని తేలితేనే దాన్ని ఆమోదిస్తారు. అందుకే పరిమితి దాటిన ప్రతి పండూ విషం కాదు. దాటిందంటే పొలంలో పద్ధతి తప్పిందని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

కేన్సర్ విషయంలో కాంగ్రెస్ ఇలాంటి లెక్కలే వద్దంది. 1958లో న్యూయార్క్ ప్రతినిధి జేమ్స్ డెలానీ పట్టుబట్టి చేర్పించిన నిబంధన ప్రకారం, మనిషిలోగానీ జంతువులోగానీ కేన్సర్ కలిగించే పదార్థమేదీ ఆహారంలో కలపకూడదు. మరుసటి ఏడాదే దేశం ఉలిక్కిపడింది. క్రాన్‌బెర్రీ మడుల్లో కోత అయ్యాకే కొట్టాల్సిన అమినోట్రయజోల్ అనే కలుపుమందును కొందరు ముందే కొట్టారు. అది ఎలుకల్లో థైరాయిడ్ కేన్సర్ తెస్తుందని తేలింది. 1959 నవంబరు 9న, థాంక్స్‌గివింగ్ పండుగ ఇంకా రెండు వారాలు ఉందనగా, ఆరోగ్య మంత్రి ఆర్థర్ ఫ్లెమింగ్ ఈ సంగతి బయటపెట్టి, ఎక్కడి పండో తెలియకపోతే కొనవద్దన్నారు. పండుగ విందులో తప్పనిసరి అయిన పండు అంగళ్లలో మిగిలిపోయింది. భయం పోగొట్టడానికి నిక్సన్, కెన్నెడీ ఇద్దరూ బహిరంగంగా క్రాన్‌బెర్రీ పుచ్చుకోవాల్సి వచ్చింది. పెంపకందార్లు నష్టపోయారన్నది నిజం. అయినా ఫ్లెమింగ్ చేసింది సరైన పనే. పండుగ అయ్యేదాకా ఆగి చెప్పివుంటే ఆ తరువాత ప్రభుత్వ మాటను ఎవరు నమ్ముతారు?

1950ల చివర గ్యాస్ క్రొమటోగ్రఫీ వచ్చి ఇంకో సమస్య తెచ్చింది. పాలలో డీడీటీ లాంటివి సున్నా ఉండాలన్న నియమం, పరికరానికి చూపు తక్కువగా ఉన్నంతకాలమే నడిచింది. నిన్న సున్నా అని తేలిన పాలలోనే ఇవాళ జాడ దొరికింది. 1965లో జాతీయ విజ్ఞాన అకాడమీ కమిటీ సున్నా పరిమితి అనే మాటనే వదిలేయమని సలహా ఇచ్చింది. ఈలోగా 1962లో రేచెల్ కార్సన్ పుస్తకం సైలెంట్ స్ప్రింగ్ జనాన్ని కదిలించింది. మందుల వాడకాన్ని ప్రోత్సహించే వ్యవసాయ శాఖే వాటికి అనుమతి ఇవ్వడం ఏమిటన్న ప్రశ్న బలపడింది. 1970 డిసెంబరులో పుట్టిన ఈపీఏకు నమోదు, పరిమితులు రెండూ అప్పగించారు. 1972లో ఆ సంస్థ డీడీటీని నిషేధించింది.

తరువాతి రెండు దశాబ్దాల్లో లోటుపాట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1985 జులైలో కాలిఫోర్నియా పుచ్చకాయలు తిని వందలమంది జబ్బుపడ్డారు. పుచ్చకు అనుమతే లేని ఆల్డికార్బ్ అనే పురుగుమందు వేరు ద్వారా కాయలోకి చేరింది, కడిగినా పోయేది కాదు. 1989లో ఆపిల్ కాయ రాలకుండా, ఎర్రగా పండేలా వాడే ఏలార్ మీద టీవీలో కథనం రాగానే తల్లులు బడి భోజనాల్లోంచి ఆపిల్ తీయించారు. కంపెనీ దాన్ని ఆహార పంటల నుంచి ఉపసంహరించుకుంది. 1992లో ఒక అప్పీలు కోర్టు డెలానీ నిబంధనకు స్వల్ప ప్రమాదం అనే మినహాయింపు లేదని తీర్పు చెప్పడంతో, శుద్ధి చేసిన ఆహారానికి ఒక నియమం, పచ్చి పండుకు ఇంకో నియమం అనే చిక్కు పూర్తిగా ముదిరింది.

అసలు మలుపు 1993లో వచ్చింది. బాలవైద్యుడు ఫిలిప్ లాండ్రిగన్ నాయకత్వంలో జాతీయ పరిశోధనా మండలి శిశువులు, పిల్లల ఆహారంలో పురుగుమందుల మీద నివేదిక ఇచ్చింది. అప్పటిదాకా లెక్కలు పెద్దల సగటు తిండిని బట్టి సాగాయని అది తేల్చింది. పిల్లవాడు తన బరువుతో పోలిస్తే పెద్దవాడికంటే ఎక్కువ తింటాడు, తాగుతాడు. పైగా తినేది కొద్ది రకాలే: ఆపిల్ రసం, పాలు, అరటి, బేరి. మెదడు, నరాలు ఇంకా కడుతున్న వయసు. పెద్దవాడికి చాలిన జాగ్రత్త వీడికి చాలదు.

ఈ నివేదికే 1996 ఆగస్టు 3న క్లింటన్ సంతకం చేసిన ఆహార నాణ్యతా పరిరక్షణ చట్టానికి పునాది. ఉభయ సభల్లో ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. పురుగుమందు అవశేషాలకు డెలానీ నిబంధన పోయింది. దాని స్థానంలో, ఏ హానీ జరగదన్న సహేతుకమైన నిశ్చయం ఉండాలనే ఒకే కొలత అన్ని ఆహారాలకూ వచ్చింది. వ్యతిరేకంగా నమ్మదగ్గ ఆధారం లేకపోతే పిల్లల కోసం ఇంకో పది రెట్లు తగ్గించాలి. పైన చెప్పిన ఉదాహరణలో బిడ్డకు అనుమతించే 0.1 మిల్లీగ్రాము 0.01కి పడిపోతుంది. తిండితో పాటు తాగునీరు, ఇంట్లో కొట్టే మందు కలిపి లెక్కించాలి. ఒకే తీరున ఒంటికి హాని చేసే మందులన్నిటినీ కూడి చూడాలి. అప్పటికి ఉన్న 9,721 పరిమితులను పదేళ్లలో తిరిగి పరిశీలించాలి. మొదటి ఆపిల్ పరిమితికీ ఈ చట్టానికీ మధ్య 69 ఏళ్లు గడిచాయి. పసివాడు కొలబద్ద కావడానికి అంతకాలం పట్టింది.

ఆ పునఃపరిశీలనలో 1999లో ఆపిల్, పీచ్ వంటి పిల్లలు ఎక్కువగా తినే పంటల మీద మిథైల్ పారాథియాన్ వాడకం ఆగింది. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు కథ మాత్రం ఇంకా సాగుతోంది. ఇళ్లలో దాని వాడకాన్ని చాలావరకు ఆపే ఒప్పందం 2000లో కుదిరింది. పంటల మీదా తీసేయమని 2007లో రెండు స్వచ్ఛంద సంస్థలు అర్జీ పెట్టాయి. గర్భంలో ఉండగా ఈ మందుకు గురైన న్యూయార్క్ పిల్లల్లో తెలివితేటలు తగ్గాయని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధన చూపింది. పరిమితులు రద్దు చేస్తామని 2015లో ప్రతిపాదించిన ఈపీఏ, ప్రభుత్వం మారాక 2017లో అర్జీనే తిరస్కరించింది. 2021లో ఒక కోర్టు ఆదేశంతో పరిమితులన్నీ రద్దు చేసింది. 2023లో ఇంకో కోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2024 డిసెంబరులో ఈపీఏ 11 పంటలకు తప్ప మిగిలినవాటికి తీసేస్తామని మళ్లీ ప్రతిపాదించింది. ఆ పదకొండులో ఆపిల్ ఉంది. శాస్త్రం చెప్పింది చాలు అనుకున్న చోట కూడా ఏళ్ల తరబడి వాయిదాలు పడటం పిల్లల పట్ల అన్యాయమే.

ఇప్పుడు పరీక్షల సంగతి. వ్యవసాయ శాఖ 1991లో మొదలుపెట్టిన పురుగుమందుల సమాచార కార్యక్రమం ఏటా వేల నమూనాలు, అందులోనూ పిల్లలు ఎక్కువగా తినే ఆహారాలు చూస్తుంది. 99 శాతానికి పైగా పరిమితుల లోపే ఉంటున్నట్టు దాని ఏటి నివేదికలు చెబుతున్నాయి. 2003లో అదే శాఖ శాస్త్రజ్ఞుడు ఒకరు యూరప్ సహచరులతో కలిసి ప్రకటించిన క్వెచర్స్ పద్ధతితో ఒకే నమూనాలో వందల మందులను తక్కువ ఖర్చుతో వెతకడం సాధ్యమైంది.

ఈ చూపు దిగుమతుల మీదా ఉంటుంది. యూరప్, జపాన్‌లలో ప్రత్యేక పరిమితి లేని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే సాధారణ గీత ఒకటుంది. అమెరికాలో అదీ లేదు. అక్కడ వాడుకలో లేని మందుకైనా దిగుమతి పంట కోసం పరిమితి అడగవచ్చు, కానీ దానికీ కంపెనీ పూర్తి ఆధారాలు సమర్పించాలి. ఒకసారి తప్పు దొరికిన ఎగుమతిదారు ఎఫ్‌డీఏ హెచ్చరిక జాబితాకెక్కితే, తరువాతి సరుకు రేవులోనే ఆగుతుంది. అందులో మందు లేదని నిరూపించుకునే భారం అతనిదే. అందుకే అమెరికాకు మిర్చి, మామిడి, బియ్యం పంపదలచిన తెలుగు రైతులు, వ్యాపారులు ఈ లెక్క ప్యాకింగ్ దగ్గర కాదు, పిచికారీకి ముందే చూసుకోవాలి. కొట్టబోయే మందుకు, ఆ పంట మీద, ఆ దేశంలో పరిమితి ఉందా, ఉంటే ఎంత, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నవి తెలుసుకున్నాకే ట్యాంకులో మందు కలపాలి.