పానగల్ పార్కు వీథులు

మన కడప జిల్లావారికి మదరాసు ఒకప్పుడు రాజధాని. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి పాలన వేరైనను రాకపోకలు తెగలేదు. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో జన్మించిన బి. యన్. రెడ్డిగారు వాహినీ సంస్థను అచ్చటనే నడపిరి. చిత్రసీమలోని తెలుగువారు పెక్కుమంది కాపురమున్న పేట త్యాగరాయనగరము. ఆ పేరు విని గాయక త్యాగయ్యను తలచువారు మనలో కలరు. కాని అది జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరును, 1920లో ప్రధానమంత్రిపదవి పిలిచినను వలదన్న తెలుగువారును అగు సర్ పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు.

ఆ పదవిని 1921 మొదలు 1926 వరకు నిర్వహించినవారు కాళహస్తిలో జన్మించిన పానగంటి రామరాయణింగారు, అనగా పానగల్ రాజాగారు. జార్జిటౌను ఇరుకైపోగా, 1920 నాటి పట్టణనిర్మాణ చట్టము ననుసరించి 1923-25 నడుమ ఈ పేటను వెలయించిరి. నడుమ ఒక ఉద్యానము. దానిని వచ్చి కలియు వెడల్పైన వీథులు. వానికిరువైపుల తోటలు గల ఇండ్లు. ఉద్యానమునకు రాజాగారి పేరు, ఒక వీథికి చెట్టిగారి పేరు, మరియొకదానికి 1934లో తాత్కాలిక గవర్నరుగా పనిచేసిన మహమ్మద్ ఉస్మాన్‌గారి పేరు. ఆ పటము చూచిన ఒక పార్టీ హాజరుపట్టీ చదివినట్లుండును!

ఆ పట్టీలో చెరువు పేరు మాత్రము లేదు. నుంగంబాకము మొదలు సైదాపేట దాక సుమారు 6 కిలోమీటర్లు విల్లువలె వంగియున్న పెద్ద చెరువు నెండగట్టి ఆ నేలపై వీథులు తీర్చిరి. చెరువనిన నేమో మన సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బ్రహ్మంగారిమఠమునకు ఉత్తరమున నున్న పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. కట్టుటకు పట్టిన కాలములోనే మదరాసువారు చెరువును పేటగా మార్చివేసిరి. చోటు చాలని నగరమునకు ఇండ్లు కావలెననుట నిజమే. పానగల్ రాజాగారి దూరదృష్టిని మేము కాదనము. నీటికి దారి విడువకపోవుటయే లోపమని మా అభిప్రాయము.

మిగిలిన మాంబళము కాలువ వాననీటిని అడయారునకు చేర్చవలెను. 2021 నవంబరు వానలకు అది చాలక వీథులలో నీరు నిలిచిపోయెను. అంతకు రెండేండ్ల ముందే, 2019 నవంబరులో, త్యాగరాయ వీథిని పాదచారులకు అనువుగా వెడల్పైన కాలిబాటలతో తీర్చిదిద్దిరి. ఆ పిమ్మట భూగర్భ మెట్రో స్టేషనుకై పానగల్ ఉద్యానములోనే కొంత మేర త్రవ్విరి. అచ్చటి చెట్లు కొన్ని అప్పుడే పోయినవి.