పురంజనుడి ఊరు, కైవారం తత్త్వాలు

పైకి ఒకటి చెబుతూ లోపల మరొకటి ఉద్దేశించడాన్ని మన పెద్దలు అన్యాపదేశం అన్నారు. ఒక పద్యం వరకే అయితే అది అలంకారం. కథ మొత్తం అలాగే నడిస్తే సంగతి వేరు. అటువంటి కథల్లో తెలుగువారికి బాగా చేరువైనది పోతన భాగవతం చతుర్థ స్కంధంలోని పురంజనోపాఖ్యానం.

పురంజనుడనే రాజు తగిన చోటు కోసం తిరిగి తిరిగి, తొమ్మిది వాకిళ్ళ పురమొకటి చూసి, అక్కడి సుందరిని పెళ్ళాడి స్థిరపడిపోతాడు. అయిదు తలల పాము ఆ ఊరికి కాపలా. చండవేగుడనేవాడు 360 మంది గంధర్వులతోనూ, అంతమంది గంధర్వ స్త్రీలతోనూ వచ్చి ఊరిని దోచుకుంటాడు. ఊరు దేహం, పాము ప్రాణం, చండవేగుడు సంవత్సరం. ఆ 720 మంది పగళ్ళూ, రాత్రులూ. కామర్సు చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు చూస్తున్న నాకు ఈ లెక్క మీద ప్రత్యేకమైన అభిమానం. రోజుకు ఇద్దరు చొప్పున దోచుకుపోతుంటే, నూరేళ్ళపాటు ఎదురు నిలిచేది ఆ పాము ఒక్కటే! తరువాత ముసలితనం కాలకన్యగా ఊళ్ళో అడుగుపెడుతుంది.

కథంతా విన్న ప్రాచీనబర్హి మహారాజు తనకేమీ బోధపడలేదన్నాడు. అప్పుడు నారదుడే ఒక్కొక్కటీ విప్పి చెప్పాడు. యజ్ఞాలలో మునిగిపోయిన రాజుకు, నీ బతుకు ఇదీ అని మొదటే చెబితే చెవికెక్కేదా? ముందు పురంజనుడి మీద జాలి కలగాలి. ఆ జాలి తన మీదికి మళ్ళడం తరువాతి పని.

కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం ‘ప్రబోధచంద్రోదయం’లో విప్పి చెప్పే పనే లేదు. వివేకుడు, మహామోహుడు, శాంతి, శ్రద్ధ అని పాత్రల పేర్లే అర్థాలు. పదకొండో శతాబ్దిలో చందేల రాజు కీర్తివర్మ కొలువులో పుట్టిన ఈ నాటకానికి చేది రాజు కర్ణుడి మీద గోపాలుడు సాధించిన గెలుపు సందర్భం. అంటే వేదాంతం వెనుక రాజకీయమూ ఉందన్నమాట. ఇంగ్లండులో బన్యన్ ఇలాంటి పేర్లతోనే తన యాత్రికుడి కథను 1678లో అచ్చువేయడానికి ఇది ఆరు వందల ఏళ్ళ ముందు మాట. పదిహేనో శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ జంటగా దీన్ని తెలుగు కావ్యం చేశారు. పాండిత్యం మెచ్చదగినదే. కాని మహామోహుడు ఓడిపోతే కంట నీరు రాదు. పురంజనుడు భార్యను తలచుకుంటూ ప్రాణం విడిస్తే వస్తుంది.

ఇక మా వైపుకు వస్తే, బెంగళూరుకు ఈశాన్యంగా చింతామణి తాలూకాలో కైవారం ఉంది. అక్కడి నారేయణ యోగిని జనం కైవార తాతయ్య అంటారు. 1726లో పుట్టి 1836 దాకా జీవించాడని సంప్రదాయం చెబుతుంది. గాజులు అమ్ముకుని బతికిన మనిషి, తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశాడు. ‘అమరనారేయణ శతకం’ ఆయనదే. కావ్యాలు చదవని పల్లెజనానికి భజనల ద్వారా వేదాంతం అందించింది ఇటువంటి తాతయ్యలే. తత్త్వాల భాషలో దేహం తొమ్మిది తూట్ల తిత్తి, కామక్రోధాదులు ఆరుగురు దొంగలు. నారదుడిలా పక్కన నిలబడి విప్పి చెప్పేవాడు పాటలో ఉండడు. ఆ పని గురువుది, లేదా పాడేవాడి సొంత బతుకుది.

ఈ ప్రాంతంలో తాతయ్య తెలుగు పాటలు కన్నడ లిపిలో అచ్చయి, ఆ అక్షరాల్లోనే చదువుకుని పాడేవారున్నారు. దానికి నాకు చింత లేదు, పలికేది తెలుగే కదా. నా చింత మరొకటి. తిత్తి అంటే దేహమని మన పిల్లలు కూడా ఇట్టే చెప్పేస్తారు. ఉపన్యాసాల్లో విన్నారు. కాని కొలిమి దగ్గర కమ్మరి నొక్కుతుంటే ఉబ్బుతూ, తగ్గుతూ నిప్పుమీదికి గాలి ఊదే తోలుసంచి కూడా తిత్తేనని ఎంతమందికి తెలుసు? తోలూ, తూటూ, ఆడే ఊపిరీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.