రాత్రి రెండింటికి లేపిన తండ్రి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అన్నా, మా పిల్లకు మంచి మార్కులొచ్చినయ్. ఏ కాలేజీల వెయ్యమంటవ్?" అడిగేది కూలీలు, ఆటో డ్రైవర్లు, పారిశుధ్య కార్మికులు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోతున్న మొదటి మనిషి ఆ పిల్లే. వాళ్లకు నేను ఒక తండ్రి కథ చెబుతాను.

సైన్యం నుంచి రిటైరైన సుబేదార్ రామ్‌జీ సక్పాల్ 1904లో కుటుంబాన్ని బొంబాయికి తెచ్చాడు. పరేల్‌లో ఒకే గది. కొడుకు భీమ్‌రావ్ ముందు పడుకునేవాడు. రామ్‌జీ రాత్రి రెండింటిదాకా మేలుకుని, కొడుకును చదువుకు లేపి, అదే చోట తాను నడుం వాల్చేవాడు. పుస్తకాలకు డబ్బుల్లేనప్పుడు పెళ్లయిన కూతుళ్ల నగలు తాకట్టు పెట్టి, పెన్షన్ రాగానే విడిపించేవాడు.

భీమ్‌రావ్‌ను ప్రభుత్వ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేర్చాడు. పేరున్న స్కూలే. కానీ అక్కడ అంటరాని పిల్లవాడికి సంస్కృతం దక్కలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1907లో మెట్రిక్ పాసై, 1908లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరాడు. అక్కడి హోటల్‌వాడు టీ కాదు కదా, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అదే కాలేజీలో ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలిచ్చాడు, బట్టలిచ్చాడు. ఒకే గోడల మధ్య రెండు కాలేజీలుంటాయని అప్పుడే తెలిసింది.

ఇంటర్ అయ్యేసరికి రామ్‌జీ చేతిలో పైసా లేదు. విల్సన్ హైస్కూల్ టీచర్ కేలూస్కర్ ఆ కుర్రాణ్ని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్లాడు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ 25 రూపాయలు రాకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. 1913 ఫిబ్రవరిలో రామ్‌జీ చనిపోయాడు. అదే ఏడు జూలైలో కొడుకు కొలంబియా యూనివర్సిటీ చేరాడు. రెండింటికి లేపిన తండ్రి ఆ రోజు చూడలేదు.

ఇక్కడ "మెరిట్" ఒంటరిగా నడవలేదు. తండ్రి నిద్ర, అక్కల నగలు, ఒక టీచర్ పూచీ, నెలనెలా అందిన డబ్బు, అన్నీ కలిస్తేనే ఒక సీటు నిలబడింది.

బాబాసాహెబ్ ఈ లెక్క మర్చిపోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచి, పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం పొద్దున పూట క్లాసులు నడిపించాడు. 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ మొదలైంది. అప్పటికి ఔరంగాబాద్ మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది.

నా సంగతీ చెబుతాను. రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని మా కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. ఆ ఏడాది పీజీ సీటు పోయింది. చేరేముందు మా నాన్నకు ఎవరూ చెప్పలేదు, ఏం అడగాలో.

అందుకే అడగండి. బకాయి ఉంటే సర్టిఫికెట్లు ఆపుతారా? హాస్టల్ ఉందా? లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా? మన పిల్లలు అక్కడ మధ్యలో మానేస్తున్నారా, పూర్తి చేస్తున్నారా? ఇది బ్రోచర్‌లో ఉండదు, సీనియర్లు చెబుతారు. అవమానం జరిగితే ఫిర్యాదు వినేవాళ్లున్నారా? 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. పెద్ద పేరు ఒక్కటే పిల్లల్ని కాపాడదు.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ నెల మీ వాడలో ఒక్క ఇంటికైనా కేలూస్కర్ అవ్వండి. ఆ పిల్ల పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టించండి.

జై భీమ్.