గోదారికి ఇవతల అలీఫ్, అవతల అఆలు

"సాయిబుగారూ, మీకు ఉర్దూ వచ్చే ఉంటది, ఇది కాస్త చదివి పెట్టండి" అంటూ పాత పహాణీ నకలు చేతిలో పెట్టే రైతులు ఖమ్మం ప్రాంతంలో మాకు ఇప్పటికీ తగులుతుంటారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరుందో లేదో తేలితేగాని తగువు తెగదు. మాలో కొందరం చదివి పెడతాం. చాలామందికి చదవరాదు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బళ్ళో రెండో భాషగా చదివింది హిందీ. అమ్మీతో మాట్లాడే మాటని నాగరిలో రాయగలరు, దాదా సంతకాన్ని మాత్రం పోల్చుకోలేరు. ముస్లింగా పుట్టి ఉర్దూ చదవరాకపోవడమేమిటని ఆ రైతు వింతగా చూస్తాడు. ఉర్దూ మా నెత్తురులో ఉంటుందనుకుంటాడు కాబోలు. అది బళ్ళో నేర్పితే వచ్చేదే. నేర్పకపోతే పోయేదే.

ఇక్కడ బడి చరిత్రని గోదారి రెండుగా చీల్చింది. ఎడమగట్టు మీది భద్రాచలం తాలూకాని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాడు. కొన్నాళ్ళు మధ్యపరగణాల్లో ఉంచి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఇవతల బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యంలోనే మిగిలాయి. రేవు దాటితే బడి భాష మారిపోయేది. అవతల తెలుగు, దానిపైన ఇంగ్లీషు. ఇవతల పైతరగతులన్నీ ఉర్దూలో. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం అందులో కలిసింది, 1965లో వంతెన వచ్చింది. గట్లు కలిశాయిగాని రెండు గట్ల జ్ఞాపకాలు కలవలేదు.

నిజాం నాటి చదువుని మేం వెనకేసుకురాం. తెలుగు పిల్లవాడికి లెక్కలు, భూగోళం ఉర్దూలో చెప్పి, వాడి అమ్మభాషని ఒక మూలన కూర్చోబెట్టడం అన్యాయమే. తెలుగు కోసం కొట్లాడిన ఆంధ్రమహాసభ 1934లో ఖమ్మంలోనే జరిగింది. ఆ కోపం న్యాయమైంది. కాని ఆ రాజు మతం మా మతమైనందుకు జవాబు మమ్మల్నే చెప్పమంటే ఎలా? బండి తోలే సాయిబు, దూది ఏకే సాయిబు పిల్లలకి ఆ రాజ్యంలో ఏ భాషలో చదువు దొరికింది? రాజభాష మాదేనన్నారు, పలక మాత్రం మాకూ అందలేదు.

ఆ బడి నుంచే దాశరథి కృష్ణమాచార్య వచ్చాడు. 1925లో చినగూడూరులో పుట్టాడు, సంస్కృతం ఇంట్లో విన్నాడు, ఖమ్మం హైస్కూల్లో మెట్రిక్ చదివాడు. నిజాంని ఎదిరించి నిజామాబాదు జైల్లో పడ్డాడు. ఆయనే 1961లో 'గాలిబ్ గీతాలు' తెచ్చాడు. రాజుని తిట్టిన నోటితో ఆ రాజు రుద్దిన భాషలోని కవిని తెలుగులోకి పిలిచాడు. మానుకోట దగ్గర పుట్టిన షోయబుల్లా ఖాన్ రజాకార్లని ఎండగట్టింది ఉర్దూలోనే, తన 'ఇమ్రోజ్' పత్రికలో. 1948 ఆగస్టు 22న ఆయన్ని చంపేశారు. ఉర్దూ అంటే రజాకార్ల భాష అనేవాళ్ళు ఈ రెండు పేర్లు ఎందుకో మరిచిపోతారు.

1948 తర్వాత తక్కెడ రెండోవైపు ఒరిగింది. 1918లో ఉర్దూలో మొదలైన ఉస్మానియా ఆ మాధ్యమాన్ని వదిలేసింది. త్రిభాషా సూత్రం వచ్చాక రెండో భాషంటే చాలా బళ్ళలో హిందీయే. పదో తరగతిలో దానికి 20 మార్కులొస్తే చాలునని చాలాకాలం నడిపారు. గట్టెక్కడానికి పెట్టిన భాష ఎవరికి వస్తుంది? పాత తెలంగాణ జిల్లాల్లో ఉర్దూని రెండో అధికార భాషగా గుర్తించినప్పుడు కూడా ఒక్క ఖమ్మాన్ని వదిలేశారు. 2017లో చట్టం మార్చాకగాని మా జిల్లా ఆ లెక్కలోకి రాలేదు.

భద్రాచలం గుడి కథలోనూ ఈ రెండు భాషలున్నాయి. రామదాసు గోల్కొండ కొలువులో తహసీల్దారు. ఆ పదవి పేరే తెలుగు కాదు. ఆ తానీషాల కాలంలో ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ వెలువడేవి. పాలించేవాళ్ళే రెండు రాతలు వాడుకున్నారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. దుమ్ముగూడెం, చర్ల అడవిపల్లెల్లో కోయపిల్లకి తెలుగే రెండో భాష. ఇంట్లో కోయమాట, బళ్ళో మొదటిరోజే తెలుగు వాచకం. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతులు ప్రారంభించిందంటే, అంతదాకా ఆ పిల్లల బాధ ఎవరికీ పట్టలేదనే అర్థం. సంతల్లో గాజులు, ఉప్పు అమ్ముకునే మావాళ్ళు బేరానికి సరిపడా కోయ నేర్చుకున్నారు. ఆ భాషకి బడి కావాలని మేమూ అడగలేదు. నిజాం రుద్దాడని అన్నవాళ్ళం, మా ఉర్దూ పోయిందని ఏడ్చినవాళ్ళం, అడవి దగ్గరికొచ్చేసరికి అందరం ఒకటే.

2018 చట్టం తెలంగాణలో అన్ని బళ్ళకీ తెలుగుని తప్పనిసరి చేసింది. మేం దాన్ని కాదనం. తెలుగు రాని ఉర్దూ మీడియం కుర్రవాడు కలెక్టరాఫీసులో అర్జీ రాయడానికి ఎవడికో పైసలివ్వాల్సిందే. మరి తెలుగు మీడియంలో చదివే మా పిల్లలు ఉర్దూ కావాలంటే పంతులేడీ? ఈ జిల్లాలో మేం అడిగిన ప్రతిచోటా ముందు ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పమంటారు. పంతులు లేడని పిల్లలు హిందీలో చేరతారు, పిల్లలు చేరలేదని పంతుల్ని వెయ్యరు.

మొన్న పహాణీతో వచ్చిన రైతు వెంట తొమ్మిదో తరగతి కూతురు వచ్చింది. హిందూ పిల్ల. మేం చదువుతుంటే వంగి చూసి, "ఇది కుడి నుంచా?" అనడిగింది. ముత్తాత పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాం. నోటుబుక్కు తీసి, ఆ పేరుని చూసి చూసి గీసుకుంది. రెండు నుక్తాలు తప్పు చోట పెట్టింది. దిద్దించాం.