2147483647: ఇంతకంటే ఎవరికి కావాలి?

కోడు రాసి బతికే మనకి ఈ సంఖ్యని పరిచయం చెయ్యక్కర్లేదు. 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద విలువ. జావాలో దీనికి ఒకటి కలిపి చూడండి, మైనస్‌లోకి దూకుతుంది. కానీ కంప్యూటర్లు పుట్టకముందే ఇది గణితంలో పేరుమోసిన సంఖ్య.

31 రెళ్ళని గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి తన జాబితాలో రాసేశాడు. పక్కాగా నిరూపించింది మాత్రం ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయనకి చూపు దాదాపుగా పోయింది.

మామూలుగా అయితే 46340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేల ఏడొందల పైచిలుకు. మనమైతే ఒక లూప్ రాసేసి టీకి పోతాం. ఆయిలర్ ముందు ఆలోచించాడు. దీనికి ప్రధాన భాజకం అంటూ ఉంటే దాన్ని 62తో భాగిస్తే శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే. ఈ జల్లెడలో మిగిలేవి సుమారు ఎనభై. వాటిలో ఒక్కటీ దీన్ని భాగించలేదు. అంతే, రుజువైపోయింది! నా దృష్టిలో ఆప్టిమైజేషన్ అంటే ఇదీ.

అసలు తమాషా తర్వాత జరిగింది. ఈ ప్రధాన సంఖ్యని 30 రెళ్ళ లబ్ధంతో గుణిస్తే ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుంది, అంటే తనకంటే చిన్నవైన భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య బహుశా ఎప్పటికీ దొరకదని రాశాడు. ఆయన చెప్పిన కారణం: ఇవి వింతలే తప్ప పనికొచ్చేవి కావు, కాబట్టి ఎవరూ వెతకరు!

1876లో ల్యూకా 39 అంకెల ప్రధాన సంఖ్యని తేల్చాడు. దాంతోపాటే ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్య కూడా వచ్చేసింది. ఇక పనికిరాకపోవడం సంగతా? సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో మిన్‌స్టాండ్ అనే రాండమ్ జెనరేటర్ ఉంది. అందులో ప్రతిసారీ పాత విలువని 16807తో గుణించి, 2147483647తో భాగించి శేషం తీసుకుంటారు. ఆ సంఖ్య ప్రధానం కాబట్టే, గుణకం సరైనది ఎంచుకుంటే, 1 నుంచి 2147483646 దాకా ప్రతి విలువా ఒక్కోసారి వచ్చాకే వరస మళ్ళీ మొదలవుతుంది.

బార్లోని చూసి నవ్వుకునే ముందు మన సంగతీ చూసుకుందాం. ఒక వీడియోని ఇన్నిసార్లు ఎవరు చూస్తారులే అని యూట్యూబ్ కౌంటర్‌ని 32 బిట్లలో పెట్టారు. గంగ్నమ్ స్టైల్ దెబ్బకి 2014లో 64 బిట్లకి మారాల్సి వచ్చింది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల సిస్టమ్స్‌కి 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8:44:07కి, ఇదే సంఖ్య అడ్డం పడుతుంది.

"ఎవరూ వెతకరు" అన్నది బార్లో. "ఇది చాల్లే" అనేది మనం. రెండూ ఒకే జబ్బు. ఈసారి డేటాబేస్‌లో ఐడీ కాలమ్‌కి ఇంట్ అని టైప్ చేసేటప్పుడు బార్లోని ఒక్క క్షణం తలుచుకోండి.