ఆర్మొలు పింగాణీ జంతు శిల్పాలు

ఆర్మొలు పింగాణీ జంతు శిల్పాలు అనగా బంగారు పూత పూసిన కంచు పీఠాలలో, చట్రాలలో బిగించిన పింగాణీ జంతువుల, పక్షుల బొమ్మలు. 18వ శతాబ్దంలో పారిస్ సంపన్నుల ఇళ్ళలో ఇవి ప్రసిద్ధి పొందాయి. చూపుకు ఒకే వస్తువైనా, తరచుగా బొమ్మ ఒక దేశానిది, చట్రం మరొక దేశానిది.

చరిత్ర

మొదట చైనా నుండి పింగాణీ చిలుకలు, సింహాలు, చేపలు నౌకలలో ఐరోపాకు చేరేవి. 1710లో సాక్సనీ పాలకుడు అగస్టస్ జర్మనీలోని మైసెన్‌లో పింగాణీ కర్మాగారాన్ని స్థాపించాడు. 1731లో అక్కడ చేరిన శిల్పి యోహాన్ యోవాకిమ్ కాండ్లర్ జంతువుల బొమ్మలు చేయడంలో సిద్ధహస్తుడు. డ్రెస్డెన్‌లోని జపానీ భవనం కొరకు చేసిన పెద్ద జంతువులలో కొన్నింటికి కొలిమిలోనే పగుళ్ళు వచ్చాయి. అవి నేటికీ కనిపిస్తాయి.

పారిస్‌లో వీటికి చట్రాలు అమర్చి అమ్మినవారు మార్షాఁ-మెర్సియే అనే వర్తకులు. వృత్తి సంఘ నియమాల ప్రకారం వీరు సరుకు అమ్మవచ్చు, అలంకరించవచ్చు గాని స్వయంగా తయారు చేయరాదు. అందుచేత మైసెన్ బొమ్మను, పోతపనివారి కంచు పీఠాన్ని, విన్సెన్ పింగాణీ పువ్వులను సేకరించి ఒకటిగా కూర్పించేవారు. ఈ వర్తకులలో ఒకడైన లజార్ డువో 1748 నుండి 1758 వరకు వ్రాసిన ఖాతా పుస్తకం లభించింది. మదామ్ ద పాంపడూర్ అతని ఖాతాదారు.

పూత విధానం

ఆర్మొలు అనే మాట 'నూరిన బంగారం' అనే అర్థమిచ్చే ఫ్రెంచి పదం నుండి వచ్చింది. బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్దగా చేసి కంచుపై పూసి వేడి చేస్తారు. పాదరసం ఆవిరై పోగా బంగారం మిగులుతుంది. తెలుగులో గిల్టు అంటే నకిలీ అనే భావం స్థిరపడింది గాని, ఇది అసలు బంగారమే. ఆ ఆవిరిని పీల్చిన పనివారికి చేతులు వణకడం, పళ్ళు ఊడటం వంటి బాధలు కలిగేవి. కొన్నవారి పేర్లు ఖాతాలలో నిలిచాయి; పూత పూసినవారిలో అత్యధికుల పేర్లు తెలియవు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్ పూతకు పేటెంటు పొందిన తరువాత పాదరసపు పూత క్రమంగా తగ్గింది.

కాల నిర్ణయం

1745–1749 మధ్య ఫ్రాన్సులో రాగి మిశ్రలోహ వస్తువులపై పన్ను ఉండేది. పన్ను చెల్లించిన వాటిపై కిరీటం గల 'సి' అక్షరం ముద్రించేవారు. ఈ ముద్ర లోహానికే వర్తిస్తుంది. చైనా చక్రవర్తి కాంగ్షీ కాలపు (1662–1722) చిలుకకు ఇట్టి ముద్ర గల పీఠం ఉన్నంత మాత్రాన చిలుక 1745 నాటిది కాదు.

హైదరాబాదులో

ఐరోపా పింగాణీని తెలుగునాట చూడదలచినవారికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం అనువైన చోటు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులలో డ్రెస్డెన్, సేవ్ర్ పింగాణీ కూడా ఉంది. ఆయన మరణానంతరం 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమైంది. 1968లో మూసీ నది దక్షిణపు గట్టున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది.